భావనపాడు గాలిలో మూడో టెంటు

పలాసలో ఇప్పటికీ కొందరు నన్ను ‘డేరా మేడం’ అంటారు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా ఏళ్ళ తరబడి ఈల ఊదాను. కబడ్డీ జట్లను జిల్లా దాటించాను. ఖోఖోలో కప్పులు తెచ్చాను. అవేవీ ఎవరికీ గుర్తు లేవు. కాశీబుగ్గ బజారులో వంకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఎవరో, "మేడం, ఆ డేరా ఇంకా ఉందా?" అంటారు. తిరిగి చూస్తే ఒకప్పటి నా శిష్యురాలు, చంకలో బిడ్డతో. ఉందమ్మా, భేషుగ్గా ఉంది అంటాను. ఇక ఇద్దరికీ నవ్వు ఆగదు.

మీరిప్పుడు టెంటు కావాలంటే ఫోను తెరిచి, ఎవరెవరు ఎన్ని చుక్కలిచ్చారో చూసి, ఇంటికి తెప్పించుకుంటారు. తెప్పించుకోండి, నేను కాదనను. కానీ వీపున మోసుకుపోగలిగేంత తేలిగ్గా ఉండి, వానకీ గాలికీ నిలబడే టెంటును ఎంచుకోవడం నేను నేర్చుకున్న తీరు వేరు. అది మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు తలుచుకుంటే ఈ వయసులోనూ నా కాళ్ళు ఒకచోట నిలవవు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిందేమో. దసరా సెలవుల్లో జిల్లాలోని కాలేజీ పిల్లలతో సముద్రపు ఒడ్డున నడక పెట్టేవారు. భావనపాడులో బయలుదేరి, ఉద్దానం కొబ్బరితోటలను ఎడమ పక్కన పెట్టుకుని, ఒడ్డు వెంట బారువ దాకా. రాత్రిళ్ళు ఇసకలోనే మకాం. మగపిల్లలు ఏటా వెళ్ళేవారు. వాళ్ళ టెంట్లు, బియ్యం, గిన్నెలు ట్రాక్టరు మీద వెళ్ళేవి. వాళ్ళు చేతులూపుకుంటూ నడిచి, తిరిగొచ్చాక హిమాలయాలు ఎక్కినంత గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఏడు మొదటిసారి ఆడపిల్లల జట్టు కూడా రావచ్చన్నారు. జట్టుకి ఆరుగురు పిల్లలు, తోడుగా ఇద్దరు టీచర్లు. ఒక్క పిల్ల తగ్గినా జట్టును చేర్చుకోరు. మాకు ట్రాక్టరు లేదు కాబట్టి ఎవరి బరువు వాళ్ళే మొయ్యాలి.

ఆ కబురు విన్న పూట నేను స్టాఫ్ రూములో గంతులేశానని బోటనీ మేడం ఊరంతా చెబుతుంది. అబద్ధమేమీ కాదు. రెండో టీచరుగా ఆవిడే వస్తానంది. ఆవిడకి పరుగెత్తడం చేతకాదు, నడవడం ఇష్టం లేదు, ఎండ పడదు. "మరెందుకే వస్తానంటున్నావు?" అంటే, "నువ్వు వండితే ఆ పిల్లలు తినగలరా? వాళ్ళ మొహం చూసి వస్తున్నాను" అంది. అలాంటి మనిషి ఒకరు పక్కనుంటే ఎంత దూరమైనా నడవొచ్చు.

ప్రిన్సిపాల్ గారు మంచివారే గానీ బాగా భయస్తులు. "మేడం, దసరా రోజులంటే మన తీరంలో వానలూ గాలులూ. ఆడపిల్లల్ని ఇసకలో పడుకోబెట్టాక గుడారం ఎగిరిపోతే వాళ్ళ తల్లులకు నేనేం చెప్పను? ఒక పని చెయ్యండి. బాగా గాలీ వానా ఉన్న రోజు చూసి, నా కళ్ళెదుట పిల్లల్ని అందులో కూర్చోబెట్టండి. పొడిగా బయటికొస్తే సంతకం పెడతాను. తడిసి వస్తే మాత్రం ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు. ఈ ఏడే కాదు, ఎప్పుడూ" అన్నారు. ఆ చివరి మాటే నాలో పట్టుదల పెంచింది.

ఆరుగురిలో ఐదుగురి ఇళ్ళలో ఇట్టే ఒప్పుకున్నారు. ఆరో పిల్లది భావనపాడు. హాస్టల్లో ఉండి చదువుకునేది. ఒడ్డున ఎక్కడ ఇసక గట్టిగా ఉంటుందో, ఎక్కడ కాలు దిగబడుతుందో ఆ పిల్లకి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలీదు. వాళ్ళమ్మ చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకునేది. నేను వెళ్ళేసరికి ఆవిడ ఎండుచేపలు తిరగేస్తోంది. విషయం విని తల కూడా ఎత్తలేదు.

"ఓలమ్మా, ఏటి మేడం మీరు! తుపానుకి మా ఇల్లే ఎగిరిపోనాది. ఇంటికి లేని బలం ఈ గుడ్డకుంటాదేటి? నా గుంటని నానంపను."

"మీరు కూడా వచ్చి చూడండమ్మా. మీకు నచ్చకపోతే నేను బలవంతం చెయ్యను."

"సూత్తాను. సూడకుండా మాత్రం ఒప్పుకోను," అంది. నాకు అంతే చాలు.

ఇక టెంటు వేట మొదలైంది. బోటనీ మేడంతో కలిసి రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. హార్బరు వైపు ఒక సందులో ఓడల సామానూ, కొండలెక్కేవాళ్ళ సామానూ అమ్మే కొట్టు ఉందని విన్నాం. కొట్టాయన ముసలాయన. మా కథంతా విని సరదా పడిపోయి, మూడు రకాల టెంట్లు చేతిలో పెట్టి, "వాడి చూసి నచ్చింది ఉంచుకోండి. మట్టి అంటితే దులుపుకుంటాను, చిరిగితే మాత్రం అది మీదే" అన్నాడు.

మొదటిది ఖాకీ కాన్వాసుది. చూడగానే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, అంత మందం. రెండోది నీలమూ పసుపూ రంగుల్లో గుండ్రంగా, ఎత్తుగా, పిల్లల బొమ్మల పుస్తకంలోంచి దిగొచ్చినట్టు ఉంది. బోటనీ మేడం దాన్ని చూడగానే మనసు పారేసుకుంది. మూడోది నాచు రంగులో పొట్టిగా, పొడుగ్గా, నేలకి కరుచుకుని ఉంది. లోపల నిలబడటం మాట అటుంచి, సరిగ్గా మోకాళ్ళ మీద లేవడమే కష్టం. "ఇందులో మనుషులు పడుకుంటారా, ఉడుములా?" అందావిడ.

నాకు మాత్రం దాన్ని చూడగానే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన నౌపడ ఉప్పు కొఠార్లలో పనిచేసేవాడు. వానలకు ముందు ఉప్పును రాశులుగా పోసి తాటాకు కప్పేవారు. ఆ రాశుల్ని పొడుగ్గా, వాలుగా పోసేవారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ గట్టు మీద నిలబడి చూసేదాన్ని. నా గొడుగు తిరగబడిపోయే గాలికి కూడా ఆ తాటాకు కదిలేది కాదు. ఈ నాచు రంగు టెంటు వాలు అచ్చం అలాగే ఉంది. పైగా దానికి రెండు పొరలు. లోపల సన్నటి వలగుడ్డ గది, దాని మీద వాన దిగని గుడ్డ, అదీ నేల దాకా. రెండు చివర్లా పైన చెయ్యి పట్టేంత చిన్న కిటికీ, దాని మీద చిన్న చూరు. వాసాలు అల్యూమినియంవి, వంచితే వంగి మళ్ళీ లేచేవి. అయినా నా మనసు ముందే చెప్పేస్తే లాభం లేదు. పరీక్ష పరీక్షే కదా.

కాన్వాసు టెంటు కాలేజీ గ్రౌండులోనే ఓడిపోయింది. పైపుతో నీళ్ళు కొట్టించాం. నీళ్ళు లోపలికి దిగలేదు, నిజమే. అన్నీ గుడ్డే తాగేసింది. తర్వాత దాన్ని చుట్టి ఎత్తమంటే ఇద్దరు పిల్లలు పట్టుకుని కూడా ఎత్తలేకపోయారు. మా కబడ్డీ కెప్టెన్, "మేడం, దీన్ని మొయ్యాలంటే ఇంకో జట్టు కావాలి" అంది. తేలికంటే పొడిగా ఉన్నప్పటి బరువు కాదర్రా, తడిసిన రోజున భుజం మీద ఎంత ఉంటుందన్నదే చూసుకోవాలి.

రెండోదాన్ని ఒక సాయంత్రం భావనపాడు ఒడ్డుకి తీసుకెళ్ళాం. వాన లేదు, మామూలు సముద్రపు గాలి. అందంగా నిలబడింది. బోటనీ మేడం నా వైపు గర్వంగా చూసింది. ఆ చూపు ఇంకా నా మీద ఉండగానే ఇసకలోంచి మేకులు ఒక్కొక్కటే పుటుక్కుమని లేచాయి. టెంటు ఒక్క దొర్లు దొర్లి, ఒడ్డు వెంట పరుగందుకుంది. మా పిల్లలు కేకలు పెడుతూ దాని వెంట! వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు పని ఆపి చప్పట్లు కొట్టారు. పరుగు పందెంలో జిల్లాకు వెళ్ళిన పిల్ల చివరికి దాని మీద పడి ఆపింది. వాసం విరిగింది. అంటే అది మాదే అయిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు దాని గుడ్డ మా వాలీబాల్ నెట్టుకు కవరుగా పనికొచ్చింది.

ఆ పరుగు వల్ల ఇంకో సంగతి తెలిసింది. ఉద్దానం ఇసకలో సన్నటి మేకులు నిలవవు. పిల్లలూ నేనూ కూర్చుని తలో ఆలోచనా చెప్పుకున్నాం. బియ్యం సంచుల్లో ఇసక నింపి చూశాం. కొబ్బరికాయ వలిచాక మిగిలే డొక్కలకి తాడు కట్టి లోతుగా పాతి చూశాం. ఆ డొక్క పాతాక మా షాట్‌పుట్ పిల్ల లాగినా తాడు రాలేదు. డొక్కలు మనం మోసుకుపోనక్కరలేదు, ఏ తోట పక్కకెళ్ళినా గుట్టలుగా ఉంటాయి. ఆ రోజంతా నేను ఆనందంతో తెగ వాగానట.

ఇక అసలు రోజు. రేడియోలో వాయుగుండం ఒడిశా వైపు వెళ్ళిపోయిందన్నారు. దాని వెనకాల మిగిలిన గాలీ వానా మాకు చాలు. పడవలన్నీ ఒడ్డుకు లాగేసి ఉన్నాయి. సరుగుడు తోట ఊగుతోంది. ప్రిన్సిపాల్ గారు గొడుగు పట్టుకుని వచ్చి, గొడుగు రెండుసార్లు తిరగబడ్డాక, చేపల వేలంపాటలు జరిగే షెడ్డులో కూర్చున్నారు. భావనపాడు పిల్ల తల్లి పాత చీర తల మీద కప్పుకుని వచ్చింది. టెంటు చుట్టూ ఒకసారి తిరిగింది.

టెంటు సన్నటి కొసను గాలికి ఎదురు పెట్టాం. డొక్కలు పాతి తాళ్ళు బిగించాం. గాలి ఒక్కసారి విసురుగా వచ్చింది. టెంటు వంగింది, మళ్ళీ లేచింది. పాతిన డొక్క ఒక్కటీ కదల్లేదు! నేను ఈల ఊదేశాను, ఎందుకో నాకే తెలీదు. ముగ్గురు పిల్లల్ని లోపలికి పంపాను. వాళ్ళలో భావనపాడు పిల్ల ఒకతె. అప్పటికే వాళ్ళ బట్టలు కొంచెం తడిసి ఉన్నాయి.

వాన పెరిగింది. అప్పుడు జరిగిన పని ఎవరూ ఎవరికీ చెప్పింది కాదు. బయటున్న పిల్లలు వంగి టెంటు అంచు చుట్టూ ఇసక ఎగదోసి మూసేశారు. ఆ తల్లి తన పాత చీర చెంగు చింపి, ఈ కొసన ఉన్న చిన్న కిటికీలో కుక్కింది. లోపల్నుంచి కూతురు రెండో కిటికీలో తన తువ్వాలు కుక్కింది. తుపాను తీరంలో పుట్టినవాళ్ళం. గాలి లేస్తే తలుపు సందుల్లో, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కడం మాకు నడక కంటే ముందొచ్చిన పని. ఒక్క సందు కూడా లేకుండా మూసిన ఆ టెంటును చూసి నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

మధ్యాహ్నం దాకా అలాగే ఉంచాం. ప్రిన్సిపాల్ గారు వచ్చి, "ఇక రమ్మనండి" అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే పాక్కుంటూ బయటికొచ్చారు. ఇద్దరి జుట్టూ తడి. భుజాలు తడి. ఒకమ్మాయి ముక్కు కొస నుంచి చుక్క రాలింది. ఆ తల్లి తన కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"అయ్యో, మేడం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "మీరు చాలా కష్టపడ్డారు. కానీ మాట మాటే."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ కోపంతోనే టెంటులోకి దూరాను. పైగుడ్డ లోపలంతా సన్నటి చుక్కలు. అవి జారి వలగుడ్డలోంచి కిందకి రాలుతున్నాయి. కుట్లు వేలితో తడిమాను. కుట్ల దగ్గర ప్రత్యేకంగా కారడమేమీ లేదు. గుడ్డంతా ఒకే తీరుగా చెమర్చి ఉంది. కారే టెంటు ఇలా ఉంటుందా?

వెనకాల భావనపాడు పిల్ల తల దూర్చింది. "మేడం, నాను కూకున్న దిక్కు సూడండి. అటు పొడిగుంది."

అటు పాకాను. నిజమే! ఆ కొసన గుడ్డ మీద చుక్క లేదు, చాప మీద తడి లేదు. తలెత్తి చూస్తే ఆ పిల్ల కుక్కిన తువ్వాలు ఎప్పుడో జారి కిందపడింది. కిటికీ తెరుచుకుని ఉంది. చల్లటి గాలి తిన్నగా నా మొహానికి తగిలింది. పైన చూరు ఉంది కాబట్టి వాన చుక్క మాత్రం లోపలికి రాలేదు.

గాలి వచ్చిన చోట పొడి. గాలి రాని చోట తడి. నా బుర్ర గిర్రున తిరిగింది. ఇంతలో బోటనీ మేడం కూడా తల లోపలికి పెట్టి, పైకి చూసి, చాలా మామూలుగా, "ఇదేంటే, అన్నం గిన్నె మూతలా ఉంది" అంది.

నేను ఆవిణ్ణి తోసుకుంటూ బయటపడ్డాను. "సార్! ఇది వాన కాదు సార్! పిల్లల ఊపిరి! వాళ్ళ తడి బట్టల ఆవిరి! వానంతా బయటే ఆగింది!" అని అరిచాను. ఆయన ఒకడుగు వెనక్కి వేశారు. "ఒక్క అరగంట ఇవ్వండి సార్. కిటికీలో కుక్కిన గుడ్డ తీసి చూపిస్తాను." ఆయన వాన వంకా నా వంకా చూసి, సరేనన్నారు.

గాలి మరుగున ఉన్న వైపు అంచు దగ్గర ఇసక తోడేశాం. కిటికీలో చీర ముక్క దగ్గరికి చెయ్యి చాపాను. ఆ తల్లి నా చెయ్యి పట్టేసుకుంది.

"వొద్దు మేడం. తీయకండి." ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "ఆ దినం తలుపు సందులో నానెట్టిన గుడ్డ ఊడిపోనాది. అందులోంచే గాలి దూరీసినాది, కప్పు లేపీసినాది. ఈ గుంటని కడుపు కింద ఎట్టుకుని తెల్లారేదాకా కూకున్నాను. మీరేటి, సందు తెరమంతన్నారు!"

ఆ భయం నాకూ తెలుసు. అప్పుడు కూతురే వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఇది ఇల్లు కాదే. ఇది వంగుతాది, మల్లీ లేత్తాది. నువ్వూ రా, నాతోటి కూకో. లోపల్నుంచి నువ్వే తీసీ."

ఆవిడ కూతురి మొహం చూసింది. తర్వాత చెప్పులు బయట విడిచి, చీర బిగించి, కూతురి వెనకే లోపలికి పాకింది. నేనూ వెళ్ళాను. అమ్మాయి చుక్కల్ని ఓ బట్టతో తుడిచేసింది. తల్లి కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి పైకి పెట్టి, చీర ముక్కను లాగేసింది.

గాలి ఈ కిటికీలో దూరి ఆ కిటికీలో వెళ్ళిపోయింది. అంతే. ఆవిడ ఒక కన్ను తెరిచింది. బయట వాన ఇంకా జోరందుకుంది. పై గుడ్డ మీద ఆ చప్పుడుకి మాట వినబడటం లేదు. ఒక్క విసురుకి వాసాలు మా తలల మీదకి వంగాయి. ఆవిడ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. వాసాలు లేచాయి. మళ్ళీ వంగాయి, మళ్ళీ లేచాయి. నాలుగైదు సార్లయ్యాక ఆవిడ పట్టు కొంచెం వదిలింది. చెయ్యెత్తి పైగుడ్డను తడిమింది. అరిచెయ్యి చూసుకుంది. పొడిగా ఉంది. ఇంకోచోట తడిమింది. అక్కడా పొడే. అప్పుడు నవ్విందండీ ఆవిడ, ఆ నవ్వు చూడాలి!

బయటికొచ్చి షెడ్డులోకి వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు ఏదో అడగబోయారు. ఆవిడ ఆయన్ని అడగనివ్వలేదు. తల మీద కప్పుకున్న చీర తీసి, వంగి తన తల చూపించింది. "సూడండి సారూ, తడుందేటి? మరింకేటి సూత్తన్నారు? బేగి సంతకం ఎట్టండి!" అంది. ఆయన ఆ షెడ్డులోనే, తడిసిన చేతిని లాల్చీకి తుడుచుకుని, సంతకం పెట్టారు. మేం ఎనిమిది మందిమీ, ఆవిడా కలిసి ఆ వానలో చేతులు పట్టుకుని గంతులేశాం.

నాచు రంగు టెంట్లు ఇంకో రెండు తెప్పించాం. దసరా సెలవుల్లో ఆడపిల్లల మొదటి జట్టు భావనపాడులో బయలుదేరింది. సామానంతా మా వీపుల మీదే. ట్రాక్టరు వెనకాల నడుస్తున్న మగపిల్లలు మమ్మల్ని చూసి మొదట నవ్వారు. మొదటి మకాములోనే గాలివాన పట్టుకుంటే వాళ్ళు తమ కాన్వాసు టెంట్లు వదిలేసి ఊళ్ళో బడి వరండాకి పరుగెత్తారు. మేం కదల్లేదు.

తెల్లారి ఇంకా తుప్పర పడుతూనే ఉంది. దూరాన ఒడ్డు వెంట ఎవరో తల మీద గిన్నె పెట్టుకుని నడిచొస్తున్నారు. ఆ తల్లే. ఊరి నుంచి అంత దూరమూ పిల్లలకి చద్దన్నమూ వేపిన ఎండుచేపలూ మోసుకొచ్చింది. కూతురు "అమ్మా" అంటూ ఎదురెళ్ళింది. ఆవిడ గిన్నె దాని చేతిలో పెట్టి, దాని మొహం కూడా చూడకుండా, తిన్నగా టెంట్ల దగ్గరికి వచ్చి వరసగా కిటికీలు చూడటం మొదలెట్టింది. మూడో టెంటు దగ్గర ఆగిపోయింది. చలేసి మా కబడ్డీ కెప్టెన్ కిటికీలో చున్నీ కుక్కి పడుకుంది.

ఆవిడ ఆ చున్నీ పట్టుకుని ఒక్క లాగు లాగి, లోపలున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచేలా అరిచింది. "ఏటే ఇది, బుద్దున్నాదా? గాలి రానియ్యండే! రానిత్తేనే పొడిగుంటారు!"